క్యాంపుల ఇచ్చిన పరికరాలు మూలకు పడుతున్నయ్: మండలంల శిక్షణ పెడుతున్నం, ఏం నేర్పాలె?

దేవరకొండ టీచరమ్మ

అందరికీ నమస్తే. దేవరకొండ డివిజన్‌లో ఒక మండలం భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్‌ని. వచ్చే నెలలో మా మండలంలో రెండు రోజుల శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, సంఘం లీడర్లు వస్తరు. వికలాంగులకు ఇచ్చే పరికరాలను ఎట్ల వాడాలె, ఇంటోళ్లు ఎట్ల వాడిపించాలె, చెడిపోతే ఏం చెయ్యాలె, ఇదే విషయం.

ఎందుకు అడుగుతున్ననంటే, ఏ ఇంటికి పోయినా ఒకటే తీరు. వీల్‌చైర్ మీద వడ్ల బస్తా. చెవి మిషన్ డబ్బా దేవుని గూట్ల. బ్రెయిలీ పలకకు కవర్ కూడా తియ్యలేదు. క్యాంపుల పేరు పిలిచిన్రు, సంతకం పెట్టించుకున్నరు, ఫోటో దిగిన్రు, పంపించిన్రు. ఆ వస్తువును ఆ మనిషి ఒంటికి కుదిర్చి, వాడకం నేర్పి, మళ్లొకసారి వచ్చి చూసిన మనిషి లేడు. పైగా వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం కింద ఒకసారి తీసుకుంటే అదే అవసరానికి మళ్లీ మూడేండ్ల దాక ఇవ్వరు. 12 ఏండ్ల లోపు పిల్లలకైతే ఏడాది. అంటే ఇప్పుడు మూలకు పడ్డ బండి మూడేండ్ల కాలం తిన్నట్టే.

ఈ గుంపులో వాడేటోళ్లు ఉన్నరు, ఇంట్ల చూసుకునేటోళ్లు ఉన్నరు, బాగుచేసేటోళ్లు కూడా ఉన్నరు. పుస్తకంలో దొరికేది నేను చూసుకుంట. మీ ఇంట్ల పనికొచ్చింది రాయండి.

మిర్యాలగూడ చక్రం

అక్కా, ముందుగాల ఒక్క మాట. హాలు కింద ఉందా, పైన ఉందా? వీల్‌చైర్ వాడేటోడు లోపలికి రాలేని హాల్ల వీల్‌చైర్ గురించి పాఠం చెప్పొద్దు. ర్యాంపు ఉంటే దాని వాలు చూడుండ్రి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉండాలె. మా దిక్కు చాలా ఆఫీసుల మూడు అడుగుల పలక ఏటవాలుగ పెట్టి ర్యాంపు అంటున్నరు. దాని మీద ఎవరి సాయం లేకుంట ఎక్కుడు కాదు, ఎనుకకు పడుడే.

ఇగ అసలు సంగతి. నాకు వెన్నుపూస దెబ్బ. నడుం కింద స్పర్శ లేదు. నాలాంటోనికి బండి కంటే ముందు నేర్పాల్సింది పుండ్లు పడకుంట చూసుకునుడు. కూసున్న కాడ ఎముక ఒత్తుకుంటది, రక్తం ఆడదు, నొప్పి తెల్వదు కాబట్టి మనం కదలం. తెల్సేసరికి తోలు పోయి పుండు లోపలికి దిగుతది. అరగంటకొకసారన్న రెండు చేతులు చక్రాల మీద ఆనించి పిరుదులు లేపాలె, లేదంటే ముందుకు వంగి తొడల మీద పడుకున్నట్టు ఒకటి రెండు నిమిషాలు ఉండాలె. రాత్రి పడుకునే ముందు అద్దం పట్టుకొని పిరుదులు, మడిమలు చూసుకోవాలె. ఎర్రగైన కాడ వేలు పెట్టి ఒత్తినా ఎరుపు పోకుంటే, అది పోయేదాక ఆ పక్క బరువు పడొద్దు. మా అమ్మకు ఇది నేర్పినంక నేను దవాఖాన మొఖం చూసుడు తగ్గింది.

కుషన్ లేకుంట రెగ్జిన్ సీటు మీద గంటలు గంటలు కూసోవెట్టిన వీల్‌చైర్ మేలు కంటే కీడే ఎక్కువ చేస్తది. ఈ ముక్క మైకుల చెప్పుండ్రి.

ఫిజియో నల్లగొండ

చక్రం అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చూసే కేసుల్లో పుండ్లతో వచ్చేవాళ్లలో చాలామందికి కుషన్ అన్నదే తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వీల్‌చైర్ సేవకు ఎనిమిది మెట్లు చెప్పింది. మనిషిని గుర్తించి పిలవడం, పరీక్షించడం, ఏది కావాలో రాయడం, డబ్బు ఏర్పాటు చేసి తెప్పించడం, బండి సిద్ధం చేయడం, కూర్చోబెట్టి కుదర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మళ్లీ చూడడం. మన క్యాంపుల్లో నాలుగో మెట్టు దగ్గరే బండి చేతికి వచ్చేస్తుంది. మిగతావన్నీ ఎవరి పనీ కాదన్నట్టు మిగిలిపోతాయి.

మీ శిక్షణలో కుదర్చడం ప్రతి ఒక్కరి చేతా చేయించండి. మనిషిని కూర్చోబెట్టి తుంటికి, పక్క బోర్డుకి మధ్య అరచేయి నిలువుగా దూర్చితే సన్నగా పట్టాలి. పెద్ద సందు ఉంటే మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. మోకాలి వెనక మడత దగ్గర రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద పూర్తిగా ఆనాలి, తొడ కుషన్‌ను తాకాలి. ఫుట్‌రెస్ట్ ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి లేచి బరువంతా పిరుదుల మీద పడుతుంది. దాన్ని దించడానికి ఒక్క స్పానర్ చాలు. అయినా ఆ బోల్టు జోలికి ఎవరూ పోరు, అది తిప్పవచ్చని ఎవరూ చెప్పరు కాబట్టి.

మెట్టు దిగేటప్పుడు తోసేవాళ్లు బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా దించాలి. ముందుకు దించితే మనిషి బోర్లా పడతాడు. ఇది కూడా చేయించి చూడండి. చెప్పి వదిలేస్తే రాదు.

అచ్చంపేట లెక్క

అందరూ ఏమనుకోవద్దు. నేను ఇరవై శిక్షణలకు పోయిన మనిషి కింద లెక్క. పొద్దున జ్యోతి వెలిగించుడు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. ఊరికి వచ్చినంక ఏం మారలే. 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన రిపోర్టుల 250 కోట్ల మందికి ఏదో ఒక సహాయక పరికరం కావాలె, కొన్ని పేద దేశాలల్ల కావాల్సినోళ్లల్ల మూడు శాతం మందికే అందుతుందని ఉంది. వస్తువే దొరకనప్పుడు వాడకం శిక్షణ ఎవలకు? ఆ పైసలతోని ఇంకో నాలుగు బండ్లు కొనుండ్రి. మా నల్లమల చెంచుపెంటలల్ల (చెంచుల గూడేలల్ల) కర్ర పట్టుకొని పాకుతున్నోళ్లు ఉన్నరు.

ఫిజియో నల్లగొండ

సార్, మీ కోపం న్యాయమైందే. కానీ అదే రిపోర్టు పరికరంతో పాటు శిక్షణ పొందిన మనుషులు లేకపోవడాన్ని కూడా ప్రధాన అడ్డంకిగా చెప్పింది. కుదరని బండి ఇస్తే మనిషి వాడడు, లేదా వాడి పుండు తెచ్చుకుంటాడు. నాలుగు బండ్లు కొని నాలుగూ మూలకు పడితే మీ లెక్కలో ఎన్ని అందినట్టు?

పాలమూరు శ్రోత

నమస్కారం. నేను పుట్టు అంధుణ్ని. మహబూబ్‌నగర్‌లో చూపు లేనివారికి కంప్యూటర్, ఫోన్ నేర్పుతాను. ఈ చర్చలో చక్రాల మాటలే ఎక్కువ వచ్చాయి, ఫోన్ గురించి కొంచెం వివరంగా రాస్తాను.

ఇప్పుడు చూపు లేనివారి చేతిలో ఉన్న అతి పెద్ద సహాయక పరికరం పది వేల రూపాయల ఆండ్రాయిడ్ ఫోన్. అందులో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది, కొనక్కర్లేదు. తెలుగు గొంతు కూడా వస్తుంది. అడ్డం ఎక్కడంటే, టాక్‌బ్యాక్ ఆన్ చేయగానే ఫోన్ వాడే పద్ధతే మారిపోతుంది. ఒకసారి తాకితే ఏముందో చెబుతుంది, తెరవదు. రెండుసార్లు వెంటవెంటనే తట్టాలి. ఒక వేలితో జరిపితే పేజీ కదలదు, తర్వాతి అంశం మీదికి పోతుంది. పేజీ జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ఇంట్లో చూపున్న వాళ్లు ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, ఏం నొక్కినా పని చేయక, ఫోన్ చెడిపోయిందని షాపుకు తీసుకుపోతారు. షాపతను టాక్‌బ్యాక్ తీసేసి ఇస్తాడు. మళ్లీ మావాడు చీకట్లో.

కాబట్టి ఇంటివాళ్లకు నేర్పాల్సింది ఒక్కటి: సౌండ్ పెంచే, తగ్గించే రెండు మీటలూ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టాలి. సెట్టింగ్‌లో ఆ షార్ట్‌కట్ పెట్టి ఉంటే టాక్‌బ్యాక్ ఆగుతుంది, మళ్లీ అలాగే నొక్కితే వస్తుంది. ఇది తెలిస్తే షాపుకు పోయే పని ఉండదు. కొడుకు ఫోన్ వాడుకుని తండ్రికి మళ్లీ టాక్‌బ్యాక్ పెట్టి ఇవ్వగలడు.

నేర్చుకునేవాళ్లకు మొదటి వారం వాట్సాప్, యూట్యూబ్ జోలికి పోనివ్వను. కాల్ ఎత్తడం, పెట్టడం, టైం వినడం, బ్యాటరీ ఎంతుందో వినడం, అంతే. వేలికి అలవాటు పడ్డాక ఎవరూ ఆపలేరు. యూపీఐ నేర్పేటప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి. పిన్ నంబర్ గొంతెత్తి చదివితే పక్కన నిలబడ్డవాడికి వినిపిస్తుంది. చాలా ఇళ్లలో పిన్ ఇంకొకరి దగ్గర ఉంటుంది. వికలాంగుల పింఛను 4,016 రూపాయలు చేతికి వచ్చినా, ఎంత తీశారో ఆ మనిషికే తెలియని ఇళ్లు ఉన్నాయి. నా వరకు శిక్షణ అసలు ప్రయోజనం ఇదే: తన డబ్బు తను లెక్కపెట్టుకోవడం.

నోట్ల సంగతీ నేర్పండి. కొత్త వరుస నోట్లన్నీ పొడవులో తేడా. 50 నోటు 135 మిల్లీమీటర్లు, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. పక్క అంచుల్లో ఏటవాలు గీతలు కొంచెం ఉబ్బి ఉంటాయి: 100కు నాలుగు, 200కు నాలుగు గీతలూ రెండు చుక్కలూ, 500కు ఐదు. కొత్త నోటు అయితే బొటనవేలికి తెలుస్తుంది. నలిగిన నోటు మీద గీత అరిగిపోతుంది, అప్పుడు పొడవే దిక్కు. రిజర్వు బ్యాంకు 2020లో మణి అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు పెడితే నోటు ఎంతదో చెబుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో ఒక అంధ యువకుడు మొదలుపెట్టింది, తర్వాత ఇంకో అంధ మిత్రుడు కలిశాడు.

మిర్యాలగూడ చక్రం

> కొడుకు ఫోన్ వాడుకుని తండ్రికి మళ్లీ టాక్‌బ్యాక్ పెట్టి ఇవ్వగలడు

శ్రోత అన్నా, ఈ మీటల సంగతి మా వాడకట్టుల ఒకాయనకు ఇప్పుడే పోయి చెప్పిన. ఆయన బిడ్డ ఫోన్ రిపేరుకు ఇద్దామని సంచిల పెట్టుకొని ఉండె. మస్తు థాంక్స్.

సైకిల్ షాపు జడ్చర్ల

టీచరమ్మా, నేను సదువుకున్నోన్ని కాదు. సైకిళ్లు, ట్రై సైకిళ్లు బాగుచేస్త. నా ఎరుకల ఉన్నది చెప్త.

చేత్తో తిప్పే మూడు చక్రాల బండిల సగం సామాను సైకిల్‌దే. చైను, ఫ్రీవీలు, చువ్వలు, ట్యూబు, బ్రేకు గుటకలు, అన్ని మా షాపుల దొరుకుతయ్. అయినా జనం మా దగ్గరికి తేరు. సర్కారు బండి కదా, మనం చెయ్యి పెట్టొద్దేమో అనుకుంటరు. పెట్టొచ్చని చెప్పుండ్రి.

వీల్‌చైర్ల ముందల చిన్న చక్రాలు బిగుసుకపోతయ్. విప్పి చూస్తే లోపల వెంట్రుకలు, చీర పోగులు చుట్టుకొని ఉంటయ్. బ్లేడుతోని కోసి తీసి, గ్రీసు రాస్తే బండి కొత్తదాని లెక్క పోతది. బ్రేకు పట్టకపోతే ముందు టైరుల గాలి చూడాలె. గాలి తగ్గితే బ్రేకు రబ్బరు టైరుకు అందదు. బ్రేకు ఖరాబైందని తెస్తరు, గాలి కొట్టి పంపిస్త. పైసలు తీసుకోను దానికి.

బ్యాటరీ బండ్లది ఇంకో కథ. వానకాలం బయటికి పోము కదా అని చార్జింగ్ పెట్టకుంట రెండు మూడు నెల్లు మూలకు పెడ్తరు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగ ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటది, మళ్ల చార్జింగ్ పట్టదు. నడపకపోయినా చార్జింగ్ పెడుతనే ఉండాలె. కొత్త బ్యాటరీ అంటే పేదోనికి మాటలు కాదు.

మీ శిక్షణకు మండలంల ఉన్న సైకిల్ మెకానిక్కులను పిలుస్తున్నరా? ఆశా అక్కలు మంచోళ్లే, కని చక్రం విప్పేది మేము.

దేవరకొండ టీచరమ్మ

అన్నా, మెకానిక్కుల పేర్లు మా లిస్టులో లేకుండె. ఈ రోజే రాస్తున్న.

నారాయణపేట అమ్మ

నా కొడుకుకు పుట్టుకతోనే వినపడదు. రెండు చెవులకూ మిషన్లు. అచ్చంపేట అన్నకు ఒకటి చెప్పాలె. మాకు వస్తువు అందింది అన్నా. ఏడాది అది దండగ పడింది, ఎందుకంటే దాని గురించి ఎవరూ చెప్పలే.

మేము పని కోసం పుణెకు పోయేటోళ్లం. బాబు మా అత్తమ్మ దగ్గర ఉండేది. మిషన్ పెడితే కూత పెడుతుండె, బాబు పీకి పారేస్తుండె. అత్తమ్మ భయపడి తీసి దాచిపెట్టింది. తర్వాత హైదరాబాద్‌ల వినికిడి పరీక్ష చేసే ఒక ఆడియాలజిస్టు మేడం చెప్పింది: పిల్లగాడు పెరిగిండు, చెవి రంధ్రం పెద్దగైంది, పాత మౌల్డు (చెవిల కూసునే అచ్చు) వదులైంది, సందుల నుంచి సౌండ్ బయటికొచ్చి మళ్ల మైకుల పడుతుంది, అందుకే కూత. మౌల్డు మారిస్తే కూత పోయింది. చిన్న పిల్లలకు మౌల్డు ఊకె మార్చాల్సి వస్తదని ముందే చెప్పి ఉంటే మాకు ఆ ఏడాది మిగిలేది. మాటలు వచ్చే వయసు అది.

ఆ మేడం నేర్పింది, మా అత్తమ్మకు కూడా నేర్పించిన, రాసుకోండి. రోజూ పొద్దున మిషన్ పెట్టినంక బాబు ఎనుక నిలబడి, నోరు కనబడకుంట ఆరు సప్పుళ్లు చెయ్యాలె: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. విన్నప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెల వేస్తడు. స్ కు వెయ్యకపోతే, నిన్నటిదాక వేసినోడు ఇయ్యాల వెయ్యకపోతే, మిషన్ల ఏదో అయిందని అర్థం. దీన్ని లింగ్ పరీక్ష అంటరట. సదువు రాని మా అత్తమ్మ ఇప్పుడు నాకు ఫోన్ చేసి "ఇయ్యాల స్ ఇనలే బిడ్డా, బ్యాటరీ మార్చిన, ఇన్నడు" అని చెప్తది.

బ్యాటరీకి ఎనుక స్టిక్కర్ ఉంటది. అది తీసి నిమిషం సేపు గాలికి పెట్టి అప్పుడు వెయ్యాలె. గాలితోనే పనిచేసే బ్యాటరీ అది. స్టిక్కర్ తీసినప్పటి నుంచే అది అయిపోవుడు మొదలైతది, ముందే తీసి పెట్టుకోవద్దు. రాత్రి మిషన్ తీసి తేమ పీల్చే డ్రై బాక్సుల పెట్టాలె. చెమటకు, వానకు అదే మందు.

ఇంకొకటి. మిషన్ పెట్టిన రోజే పిల్లగాడు మాట్లాడడు. ఊర్లోళ్లు "మిషన్ పెట్టినా మాటల్లేవు కదా" అని మనసు విరుస్తరు. నిద్ర తప్ప పొద్దంతా పెట్టాలె, పెట్టినంక మనం మాట్లాడుతనే ఉండాలె. రొట్టె చేస్తూ మాట్లాడు, బట్టలు ఉతుకుతూ మాట్లాడు. ఇది కూడా శిక్షణే.

పాలమూరు శ్రోత

అమ్మా, మీ అత్తమ్మగారికి నా దండాలు. ఆవిడను ఆ శిక్షణకు పిలిచి మాట్లాడించండి టీచరమ్మగారూ.

మర్రిగూడ మనుమడు

మా దిక్కు సంగతి వేరే ఉంటది మేడం. ఫ్లోరైడ్. మా తాతకు మెడ తిరగదు, నడుం వంగదు, మోకాళ్లు చాపరాదు. మన బట్లపల్లి పేరు 1940ల నుంచే ఈ రోగం లెక్కలల్ల ఉంది. నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు, మా పాత బోర్లల్ల దానికి ఎన్నో రెట్లుండె. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నయ్, పిల్లలకు ఆ గతి లేదు, సంతోషం. కని ఇప్పటికే బిగుసుకపోయిన పెద్దోళ్ల ఎముకలు మంచి నీళ్లు తాగితే సాగవు కదా. ఇదే రోగం ఉన్న శివన్నగూడెం అంశల స్వామి మా గోస ఢిల్లీ దాక వినిపించిండు, 2022ల పోయిండు. ఆయనసొంటోళ్లు ఇంకా ఇండ్లల్ల ఉన్నరు.

క్యాంపుల అందరికి ఇచ్చినట్టే తాతకు చంక కర్రలు ఇచ్చిన్రు. నడుం వంగిన మనిషికి చంక కర్ర ఎట్ల అందుతది? ఈ వంగిపోయిన, బిగుసుకపోయిన ఒళ్లకు ఏమన్న పనికొస్తదా చెప్పుండ్రి.

ఫిజియో నల్లగొండ

తమ్ముడూ, తాతకు నడక కంటే ముందు రోజువారీ పనులు చూడు. వంగలేని మనిషికి ఎత్తు పెంచాలి. మంచం ఎత్తు ఎంత ఉండాలంటే, అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, లేవడానికి మోకాళ్ల మీద బలం పడకూడదు. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టు, కదలకుండా గుంట తీయించు. దొడ్డికి కమోడ్ కుర్చీ. మెడ వంగక గ్లాసుతో తాగలేకపోతే స్ట్రా పెట్టు, లేదా ముక్కు తగలకుండా ఒక పక్క అంచు కోసిన ప్లాస్టిక్ గ్లాసు ఇవ్వు. చేయి నోటిదాకా రాకపోతే చెంచాకు పొడుగు పిడి కట్టు, కొంచెం వంచు. వీపు రుద్దుకోవడానికి కర్రకు కట్టిన పీచు. ఇవేవీ క్యాంపులో ఇవ్వరు. వడ్రంగి, సైకిల్ షాపు కలిస్తే చేసేవే.

నడవగలిగితే చంక కర్రలు కాదు, నాలుగు కాళ్ల వాకర్, తాత వంగిన ఎత్తుకే దించి కుదిర్చింది. నిటారుగా నిలబెట్టాలని వీపు మీద ఒత్తవద్దు. లేపేటప్పుడు చంకల కింద చేతులు వేసి గుంజవద్దు, భుజం దెబ్బతింటుంది. నడుముకు తువ్వాల వెడల్పుగా చుట్టి, దాన్ని పట్టుకుని, ఒకటి రెండు మూడు అని తాతతోనే లెక్క పెట్టించి లేపు. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్ను లోపల నరాలు ఒత్తుకోవచ్చు. కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే డాక్టరుకు చూపించు.

టీచరమ్మగారూ, మీరు చంక కర్రలు చూపించేటప్పుడు ఒకటి చెప్పండి. బరువు అరచేతుల మీద పడాలి, చంకలో కాదు. పై మెత్తకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. చంకలో వేలాడితే నరం ఒత్తుకుని చేయి తిమ్మిరెక్కి మణికట్టు పడిపోతుంది.

వనపర్తి నాన్న

మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద పట్టు ఉండదు. మాట లేదు, అర్థం అన్నీ అవుతాయి. పరికరం అనగానే అందరూ కొనేదే అనుకుంటారు. మా ఇంట్లో ఎక్కువ పనికొచ్చింది అట్టముక్క.

పాప తాగే గ్లాసు, తన పక్క బట్ట, నానమ్మ, బయటి అరుగు, జొన్న రొట్టె, టీవీ, ఇవన్నీ నా ఫోన్‌తోనే ఫోటో తీసి, జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి అట్టకు అంటించాను. పుస్తకాల బొమ్మలు పెడితే చూడలేదు, తన గ్లాసు ఫోటో పెడితే ఒక్క రోజులో పట్టుకుంది. మొదట "కావాలి" ఫోటోలు మాత్రమే పెట్టొద్దండి. "వద్దు", "చాలు", "నొప్పి" తప్పకుండా ఉండాలి. పాప మొదటిసారి "చాలు" మీద చేయి పెట్టిన రోజు నా భార్య అన్నం గిన్నె పక్కన పెట్టి ఏడ్చింది. అప్పటిదాకా పాప ముఖం తిప్పుకుంటే మొండితనం అనుకుని కుక్కేవాళ్లు అందరూ.

అడిగాక ఆగాలి. పాప చేయి లేపడానికే పది సెకన్లు పడుతుంది. మనం మూడో సెకనుకే రెండో ప్రశ్న వేస్తాం. శిక్షణలో వచ్చినవాళ్లందరినీ జంటలుగా కూర్చోబెట్టి, మాట లేకుండా, పిడికిలి బిగించి అట్ట మీద చూపించమనండి. అప్పుడు తెలుస్తుంది.

బొమ్మల అట్ట అలవాటైతే ఇక మాట రాదని మాకు చాలామంది చెప్పారు. అది నిజం కాదు. పరిశోధనల్లో అట్ట వల్ల మాట ఆగిపోయినట్టు తేలలేదు, కొందరు పిల్లల్లో మాట పెరిగింది కూడా.

తినిపించేటప్పుడు పడుకోబెట్టి పెట్టకూడదన్నది కూడా చెప్పండి. తుంటి, మోకాలు, పాదం మూడు చోట్లా నిటారు మడత ఉండేలా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి పెట్టాలి. తల వెనక్కి వాలితే ముద్ద ఊపిరితిత్తుల దిక్కు పోతుంది. గోడ మూలలో మెత్తలు పెట్టి మూల కుర్చీ చేసుకోవచ్చు, కొనక్కర్లేదు.

అచ్చంపేట లెక్క

అందరిదీ చదివిన. నారాయణపేట చెల్లె రాసింది రెండుసార్లు చదివిన. నా మాట సగం ఎనుకకు తీసుకుంట, సగం తీసుకోను. ఇక్కడ మీరందరు చెప్పినై ఇంట్ల నేర్చుకున్నై, ఒక్కరి దగ్గర ఒక్కరు నేర్చుకున్నై. హాల్ల వంద మందిని కూసోవెట్టి తెర మీద చూపిస్తే ఇవి రావు. ఆశా కార్యకర్తకు ఇప్పటికే ఎన్నో పనులు. పరికరం ఉన్న ఇంటి మనిషిని పిలువుండ్రి, ఆ పరికరం పట్టుకొనే రమ్మనుండ్రి. చెడిపోయింది కూడా పట్టుకరమ్మనుండ్రి. ఇంటికి పోయేటప్పుడు అది కుదిరి, నడిచి పోవాలె. గప్పుడు నేను దాన్ని శిక్షణ అంట. చెంచుపెంటలకు మాత్రం మీరే పోవాలె, వాళ్లను బస్సెక్కి రమ్మంటే రారు.

మిర్యాలగూడ చక్రం

ఇది బంగారం లాంటి మాట.

దేవరకొండ టీచరమ్మ

అందరికీ దండాలు. ఎంపీడీవో గారితో మాట్లాడి మార్చిన సంగతులు ఇవి.

హాలు మార్చినం. ముందు ఇస్తమన్నది మొదటి అంతస్తుల ఉంది, వద్దని చెప్పి హైస్కూల్ వరండా, పక్క రెండు గదులు అడిగిన. మెట్టు అడుగు కంటే తక్కువే, చెక్క ర్యాంపు పన్నెండు అడుగులు వేయిస్తున్నం. వచ్చేది వంద మంది కాదు, ముప్పై ఇండ్ల వాళ్లు. పరికరం వాడే మనిషి, ఇంట్ల చూసుకునే మనిషి ఇద్దరూ రావాలె, వస్తువు వెంట తేవాలె. ఆశా అక్కలు ఒక్కొక్కరు తమ ఊరి ఇంటితోనే కూర్చుంటరు, తర్వాత ఆ ఇంటికి మళ్లీ పోయి చూసేది వాళ్లే. ఒక గదిలో వినికిడి, బొమ్మల అట్టలు. ఇంకో గదిలో ఫోన్. వరండాలో చక్రాలు, కర్రలు, ఇద్దరు సైకిల్ మెకానిక్కులు. జడ్చర్ల అన్నా, మీరు ఒక రోజు వస్తరా? చార్జీలు ఇస్తం.

ఒక నెల తర్వాత ముప్పై ఇండ్లకూ పోయి వాడుతున్నరా లేదా రాస్తం. ఈ పని లేకుంటే శిక్షణకు సంతకం పెట్టనని చెప్పిన.

సైకిల్ షాపు జడ్చర్ల

వస్త. చార్జీలు వద్దు, మధ్యాహ్నం బువ్వ పెట్టుండ్రి. ముందు చక్రాల బేరింగులు ఒక డబ్బా, బ్రేకు రబ్బర్లు తెస్త. ఎన్ని వీల్‌చైర్లు వస్తయో, వాటి చక్రం సైజు ఎంతో ముందు చెప్తే మంచిది. టైరు పక్కన రాసి ఉంటది, ఫోటో తీసి పంపుమనుండ్రి.

పాలమూరు శ్రోత

ఫోన్ గదికి నేను వస్తాను. రెండు కోరికలు. శిక్షణ కరపత్రం అను ఫాంట్‌లో కొట్టించవద్దు. యూనికోడ్‌లో కొట్టి వాట్సాప్‌లో అక్షరాలుగానే పంపండి. అను ఫాంట్ పీడీఎఫ్‌ను మా స్క్రీన్ రీడర్ చదివితే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వినిపిస్తాయి. ఫోటో తీసి పంపితే అసలేమీ వినిపించదు. మండలాఫీసు సర్క్యులర్లు కూడా ఇలాగే పంపమని ఒత్తిడి పెట్టండి. 2016 హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలకు అందుబాటు హక్కుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని చెప్పింది. బ్యాంకు కేవైసీలో కళ్లు ఆర్పమని అడిగే పద్ధతి మాలాంటివాళ్లకు, యాసిడ్ దాడి బాధితులకు ఎలా అడ్డమవుతుందో ఆ కేసులోనే చర్చకు వచ్చింది. హక్కు కాగితం మీద ఉంది, అడగాల్సింది మనం.

రెండోది, తెల్లకర్ర. చూపున్నవాళ్లు మమ్మల్ని చేయి పట్టి లాగవద్దు, మీ మోచేయి ఇవ్వండి, మేం పట్టుకుని అరడుగు వెనక నడుస్తాం. మీ ఒంటి కదలికతో మెట్టు వచ్చిందని మాకు తెలుస్తుంది. కర్ర పొడవు ఛాతీ ఎముక దాకా ఉండాలి. కుడి కాలు వేసేటప్పుడు కర్ర ఎడమ పక్కకు తాకాలి, ఎడమ కాలు వేసేటప్పుడు కుడి పక్కకు. అంటే అడుగు పడబోయే చోటు ముందే తడిమినట్టు. వరండాలో ఇది నడిపించి చూపిస్తాను.

గద్వాల కొత్త సభ్యుడు

నేను ఇప్పుడే చేరిన. మా అమ్మకు షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. టాక్‌బ్యాక్ పెడితే గందరగోళం అయితుంది అంటది. తెల్లకర్ర పట్టుకుంటే ఊర్ల సిగ్గు అంటది. మధ్యల ఉన్నోళ్లకు ఏం దారి?

పాలమూరు శ్రోత

తమ్ముడూ, మిగిలిన చూపును వాడుకునే దారి వేరే ఉంది. ఫోన్ సెట్టింగ్‌లో అక్షరం సైజు పూర్తిగా పెంచు, మ్యాగ్నిఫికేషన్ ఆన్ చేయి, నల్ల వెనుకభాగం మీద తెల్ల అక్షరాలు పెట్టు. కాల్ చేసేవాళ్ల పేర్లు పలికేలా పెట్టు. ఇంట్లో మెట్టు అంచుకు పసుపు పెయింటు గీత, తెల్ల అన్నానికి ముదురు రంగు పళ్లెం, మందు సీసాలకు ఒకదానికి ఒక రబ్బరు బ్యాండు, ఇంకోదానికి రెండు. దీపం ఎదురుగా కంట్లో కాదు, అమ్మ భుజం మీదుగా చదివే కాగితం మీద పడాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తక్కువ చూపు ఉన్నవారికి ప్రత్యేక విభాగం ఉంది, సరైన భూతద్దం అక్కడ పరీక్ష చేసి ఇస్తారు. బజారులో కొని తేవద్దు. షుగర్ కంటి డాక్టరును మాత్రం మానొద్దు, రెటీనా పరీక్ష ఏడాదికొకసారైనా జరగాలి.

దేవరకొండ టీచరమ్మ

గద్వాల తమ్ముడూ, దూరమని అనుకోకుంటే అమ్మను తీసుకొని రా. ఫోన్ గదిలో తక్కువ చూపు వాళ్లకు ఒక బల్ల వేరేగా వేయిస్త. టైరు సైజుల ఫోటోలు వచ్చే సోమవారం దాక ఇక్కడే పెట్టుండ్రి, నేను ఒక్క లిస్టు చేసి జడ్చర్ల అన్నకు పంపుత.